చిన్న కార్డ్‌రూముల్లో బ్లాక్‌జాక్: తక్కువ పందెం టేబులా, మంచి నిబంధనల టేబులా?

రెంటన్‌వాసి:

అందరికీ నమస్కారం. నేను సియాటెల్‌కు దక్షిణాన రెంటన్‌లో ఉంటున్నాను. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు అరుగు మీద పదమూడు ముక్కలాటకు కూర్చోవడం తప్ప పేకాటతో నాకు పెద్దగా పరిచయం లేదు. ఏడాదిగా మాత్రం ఆఫీసు మిత్రులిద్దరితో కలిసి నెలకు ఒకటి రెండు సార్లు ఇక్కడి చిన్న కార్డ్‌రూములకు వెళ్లి బ్లాక్‌జాక్ (ముక్కల మొత్తం 21 దాటకుండా డీలర్‌ను, అంటే సంస్థ తరఫున ముక్కలు పంచేవాడిని, మించవలసిన ఆట) ఆడుతున్నాను. ఈ ప్రాంతం తెలియనివారి కోసం ఒక మాట చెప్పాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో స్లాట్ల వంటి జూదపు యంత్రాలు ఆదివాసీ తెగల కాసినోలలోనే ఉంటాయి. మేము వెళ్లేవి రెస్టారెంటుకు ఆనుకుని నడిచే చిన్న చోట్లు. చట్టప్రకారం వాటిలో 15 టేబుళ్లకు మించి ఉండకూడదు, ఆడేదంతా పేక ముక్కలతోనే.

మా ఇంటికి దగ్గరలో ఉన్న చోట కనీస పందెం 5 డాలర్లు. టేబుల్ మీది బట్టపైన బ్లాక్‌జాక్‌కు, అంటే మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది విలువ గల ముక్క (పది, రాజు, రాణి, జాకీ) కలిసి వస్తే, 6:5 (5 డాలర్ల పందేనికి 6) చెల్లిస్తామని పెద్ద అక్షరాలతో ముద్రించి ఉంటుంది. ఇరవై నిమిషాల దూరంలో ఉన్న మరో చోట కనీస పందెం 15 డాలర్లు, కానీ బ్లాక్‌జాక్‌కు 3:2 చెల్లిస్తారు. మిగిలిన నిబంధనలు నాకు తెలిసినంతలో రెండుచోట్లా ఒకటే: ఆరు కట్టల షూ (ముక్కలు పంచే పెట్టె), డీలర్ సాఫ్ట్ 17 (ఆసును 11గా లెక్కపెడితే వచ్చే 17) మీద ఇంకో ముక్క తీసుకుంటాడు, మనం ఏ రెండు ముక్కల మీదైనా డబుల్ చేయవచ్చు (పందెం రెట్టింపు చేసి ఇంకొక్క ముక్క మాత్రమే తీసుకోవడం), జతను (ఒకే విలువ గల రెండు ముక్కలను) రెండు ఆటలుగా విడగొట్టిన తరువాత కూడా డబుల్ చేయవచ్చు.

నేను ఒక సాయంత్రానికి 200 డాలర్లు పక్కన పెట్టుకుంటాను, సుమారు మూడు గంటలు ఆడతాను, ఎప్పుడూ కనీస పందెమే వేస్తాను. 6:5 టేబుల్‌ను కన్నెత్తి చూడవద్దని నా మిత్రుడు అంటాడు. 15 డాలర్ల టేబుల్ దగ్గర కూర్చుంటే నాకు గుండె దడ. ఎవరి మాట సరైనది? అలాగే, ఇలాంటి చిన్న చోట్ల నిబంధనలు ముందుగా తెలుసుకునే మార్గం ఏమైనా ఉందా? వాళ్ల వెబ్‌సైట్లలో బర్గర్ ధర కనిపిస్తుంది గాని, డీలర్ సాఫ్ట్ 17 మీద ఏం చేస్తాడన్నది కనిపించదు.

లెక్కలపుస్తకం:

మీ ప్రశ్నలో కావలసిన అంకెలన్నీ ఉన్నాయి కాబట్టి లెక్క వేసి చూద్దాం.

ముందుగా 6:5 సంగతి. మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది విలువ గల ముక్క కలిసి రావడం ఆరు కట్టల షూలో దాదాపు 21 చేతులకు, అంటే 21 ఆటలకు, ఒకసారి జరుగుతుంది. 10 డాలర్ల పందెం మీద 3:2 అయితే 15 డాలర్లు, 6:5 అయితే 12 డాలర్లు వస్తాయి. అంటే వేసిన ప్రతి డాలరుకు 30 సెంట్లు తక్కువ. డీలర్‌కు కూడా బ్లాక్‌జాక్ వచ్చి సమమయ్యే సందర్భాలను తీసివేస్తే, ఈ ఒక్క మార్పు వల్ల మన మీద పడే అదనపు భారం పందెంలో సుమారు 1.36 శాతం. మీరు చెప్పిన మిగతా నిబంధనలతో 3:2 టేబుల్‌లో కాసినో మొగ్గు, అంటే సగటున ప్రతి పందెంలో సంస్థకు మిగిలే భాగం, 0.62 శాతం దగ్గర ఉంటుంది. అదే టేబుల్‌ను 6:5 చేస్తే రమారమి 2 శాతం అవుతుంది. మూడు రెట్లు మించిన తేడా. మీ మిత్రుడి కోపానికి కారణం ఇదే, అందులో న్యాయం ఉంది.

అయితే శాతం జేబులోంచి పోయే డబ్బు కాదు. శాతాన్ని పందెంతోనూ, గంటకు ఆడే చేతుల సంఖ్యతోనూ గుణిస్తేనే అసలు ఖర్చు తెలుస్తుంది. గంటకు 70 చేతులనుకుంటే, 5 డాలర్ల 6:5 టేబుల్‌లో మీకు సగటున పోయేది 7 డాలర్లు. 15 డాలర్ల 3:2 టేబుల్‌లో పోయేది 6 డాలర్ల 50 సెంట్లు. మూడు గంటల మీద ఒకచోట 21, మరోచోట 19 డాలర్ల 50 సెంట్లు. అదనంగా నడిపే ఇరవై నిమిషాల కారు పెట్రోలుకే ఆ తేడా సరిపోతుంది.

తేడా ఉన్నదంతా ఒడుదొడుకుల్లో ఉంది. బ్లాక్‌జాక్‌లో ఒక్కో చేతికి ఫలితం సగటు నుంచి అటూ ఇటూ ఊగే ప్రామాణిక విచలనం సుమారు 1.15 పందేలు. మూడు గంటల్లో 210 చేతులు ఆడితే అది 16, 17 పందేల దాకా పెరుగుతుంది: 5 డాలర్ల టేబుల్‌లో 83 డాలర్లు, 15 డాలర్ల టేబుల్‌లో 250 డాలర్లు. మీరు తీసుకువెళ్లేది 200. అంటే ఒకచోట మీ చేతిలో 40 పందేలున్నాయి, మరోచోట 13 మాత్రమే. ఎనిమిదుల జతను విడగొట్టి, ఒకదాని మీద డబుల్ చేయవలసి వస్తే ఆ ఒక్క చేతికే 45 డాలర్లు బల్ల మీద ఉంటాయి. మొదటి గంటలోనే లేచి వచ్చేయవలసిన పరిస్థితి అరుదేమీ కాదు.

కాబట్టి మీరు చెప్పిన షరతులకు, అంటే ఎప్పుడూ కనీస పందెం మాత్రమే వేసేవారికి, 5 డాలర్ల టేబుల్ మీద కూర్చోవడం తప్పేమీ కాదని నా అభిప్రాయం. పిండి కొద్దీ రొట్టె. అదే టేబుల్ మీద 15 డాలర్లు వేయడం మొదలుపెట్టిన క్షణం నుంచి మాత్రం గంటకు 21 డాలర్లు కట్టి ఆడుతున్నట్టు; దానిని సమర్థించే లెక్క ఏదీ లేదు.

పాతకాపు:

లెక్కలపుస్తకం గారి గుణకారంలో తప్పు లేదు. ఆయన పెట్టుకున్న రెండు ఊహల మీదే నాకు అభ్యంతరం.

మొదటిది, గంటకు 70 చేతులన్నది. టేబుల్ చుట్టూ ఐదారుగురు కూర్చున్నప్పటి మాట అది. నిండుగా ఏడుగురు ఉంటే 50, 60 దగ్గరే ఆగిపోతుంది. కానీ చిన్న కార్డ్‌రూములో మంగళవారం సాయంత్రం మీరు, డీలర్, గోడ మీది టీవీ తప్ప ఎవరూ ఉండరు. ఒంటరిగా ఆడితే గంటకు 200 చేతుల వరకు పడతాయి. అప్పుడు 5 డాలర్ల 6:5 టేబుల్ గంటకు 20 డాలర్లు తీసుకుంటుంది. ఖాళీ టేబుల్ కనబడగానే సంతోషించేవారు ఈ సంగతి గమనించరు. ముక్కలు నిరంతరం కలిపే యంత్రం ఉన్నచోట షూ మార్చే విరామం కూడా దొరకదు. నేనైతే మాటకారులు ఇద్దరు ముగ్గురు కూర్చున్న టేబుల్ వెతుక్కుంటాను. వాళ్ల కబుర్లు వినే ఓపిక ఉంటే అంతకంటే చవకైన నిబంధన ఇంకొకటి లేదు.

రెండవది, ఎప్పుడూ కనీస పందెమే అన్నది. ఇరవై డాలర్లు గెలిచాక 5ను 10 చేయని మనిషిని నేను ఈ ఇరవై ఏళ్లలో చూడలేదు. రెంటన్‌వాసి గారు నిజంగా అలాంటివారే అయితే నా మాట వెనక్కి తీసుకుంటాను.

ఇక ఆయన అడిగిన రెండో ప్రశ్న. చిన్న చోట్ల నిబంధనలు తెలుసుకోవడానికి అన్నిటికంటే మంచి మార్గం టెలిఫోను. కార్డ్‌రూముకు ఫోన్ చేసి, టేబుళ్లు చూసుకునే ఫ్లోర్ సూపర్‌వైజర్‌ను పిలవమని అడిగి, నాలుగు ప్రశ్నలు వేయండి: బ్లాక్‌జాక్‌కు ఎంత చెల్లిస్తారు, డీలర్ సాఫ్ట్ 17 మీద ఆగుతాడా, సరెండర్ (సగం పందెం వదిలేసి తప్పుకోవడం) ఉందా, ఆసుల జతను విడగొట్టాక మళ్లీ ఆసు వస్తే మళ్లీ విడగొట్టనిస్తారా. మధ్యాహ్నం పూట ఫోన్ చేస్తే వాళ్లు ఓపికగానే చెబుతారు. బట్ట మీద ముద్రించి ఉండేవి మొదటి రెండే. సరెండర్ విషయం చాలాచోట్ల ఎక్కడా రాసి ఉండదు, అడిగినవారికే తెలుస్తుంది.

నిబంధనల బరువు కూడా ఒకసారి మనసులో పెట్టుకోవాలి. డీలర్ సాఫ్ట్ 17 మీద ఆగితే మనకు 0.2 శాతం పైచిలుకు లాభం. జత విడగొట్టాక డబుల్ చేయనివ్వడం 0.14. సరెండర్ 0.08 లేదా 0.09. ఆసులను మళ్లీ విడగొట్టడం 0.08. ఇవన్నీ కలిపినా 6:5 వల్ల పోయే 1.36లో సగం కూడా కావు. అందుకే 6:5 టేబుల్ మీద సరెండర్ ఉందని మురిసిపోవడం కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే.

మరొక సంగతి. మన రాష్ట్రపు కార్డ్‌రూముల్లో స్పానిష్ 21 తరచుగా కనిపిస్తుంది. ఒక్కో కట్టలోంచి పదుల ముక్కలు నాలుగూ తీసేసి 48 ముక్కలతో ఆడతారు. రాజు, రాణి, జాకీ మాత్రం ఉంటాయి. పదులు తీసేయడం మనకు పెద్ద నష్టమే, కానీ దానికి బదులుగా బ్లాక్‌జాక్‌కు 3:2 ఇస్తారు, మన 21 ఎప్పుడూ గెలుస్తుంది, ఎన్ని ముక్కల మీదైనా డబుల్ చేయవచ్చు, సరెండర్ ఉంటుంది, ఐదు ముక్కలతో 21 చేస్తే 3:2, ఆరు ముక్కలతో 2:1 వస్తుంది. డీలర్ సాఫ్ట్ 17 మీద ముక్క తీసుకునే చోట కూడా కాసినో మొగ్గు 0.75 శాతం చుట్టూనే ఉంటుంది. అంటే 5 డాలర్ల స్పానిష్ 21 టేబుల్ ఉంటే, అది మీ 5 డాలర్ల 6:5 బ్లాక్‌జాక్ కంటే ఎంతో మేలు. కాకపోతే దాని ఆడే పద్ధతి వేరు. బ్లాక్‌జాక్ పట్టికతో (ఏ చేతికి ఏం చేయాలో చెప్పే కార్డుతో) అక్కడ కూర్చుంటే ఆ మేలంతా కరిగిపోతుంది.

నదికివతల:

నేను కాలిఫోర్నియాలో శాక్రమెంటో దగ్గర ఉంటాను. చిన్న చోట్లు అనగానే మా వైపు వచ్చే చిక్కు వేరు కాబట్టి చెబుతున్నాను.

కాలిఫోర్నియా శిక్షాస్మృతిలోని 330వ సెక్షన్ నిషేధిత ఆటల జాబితాలో ఇరవై ఒకటి ఆటను పేరుపెట్టి చేర్చింది. అసలైన బ్లాక్‌జాక్ కావాలంటే 2000లో ఓటర్లు రాజ్యాంగ సవరణకు ఒప్పుకున్న తరువాత వెలసిన తెగల కాసినోలకు వెళ్లాలి. ఊళ్లలో ఉండే కార్డ్‌రూములు ఆటను కొంచెం మార్చి, వేరే పేరు పెట్టి, బ్యాంకు వంతును (అందరి పందేలకు ఎదురు నిలిచే వంతును) ఆటగాళ్ల మధ్య తిప్పుతూ నడిపిస్తూ వచ్చాయి. సంస్థ తానుగా పందెం కాయదు కాబట్టి తన ఆదాయం కోసం చేతికి ఇంత అని రుసుము తీసుకుంటుంది. దానిని కలెక్షన్ అంటారు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు గోడ మీద రాసిన నిబంధనలు చదివి ఎంత ఉదారంగా ఉన్నాయో అనుకున్నాను. 20 డాలర్లు వేసి, పక్కన ఒక డాలరు చిప్ పెట్టమంటే అది టిప్ కాబోలనుకుని పెట్టాను. రెండు గంటల తరువాత లెక్క చూసుకుంటే, గెలుపోటములు దాదాపు సమంగానే ఉన్నా 110 డాలర్లకు పైగా ఆ చిన్న చిప్‌ల రూపంలోనే పోయాయి. 20 మీద ఒక డాలరు అంటే 5 శాతం. ఇంట్లోంచి తెచ్చిన 0.1 శాతం నిబంధనలన్నీ దాని ముందు ఏ మూలకు? అదే రుసుము 100 డాలర్ల పందేనికి 1 శాతం మాత్రమే అవుతుంది. అందుకే అక్కడ చిన్న పందెం వేసేవాడే ఎక్కువ నష్టపోతాడు. లెక్కలపుస్తకం గారి సూత్రం మా దగ్గర తలకిందులవుతుంది.

డల్లాస్ వైపు నుంచి ఓక్లహోమా వెళ్లి ఆడే మిత్రులు కూడా చేతికి 50 సెంట్లు కట్టిన రోజుల గురించి చెబుతుంటారు. ఎక్కడికి వెళ్లినా ఫోన్‌లో అడిగే నాలుగు ప్రశ్నలకు ముందు ఐదోది ఒకటి చేర్చండి: పందెం కాక చేతికి వేరే రుసుము ఏమైనా ఉందా?

రెంటన్‌వాసి:

అందరికీ ధన్యవాదాలు. వాషింగ్టన్‌లో నేను వెళ్లే చోట్ల అలాంటి రుసుము లేదు, ఆ మేరకు అదృష్టవంతుడిని. పాతకాపు గారూ, దాపరికం ఎందుకు, గెలుస్తున్నప్పుడు నేను కూడా 10 వేస్తుంటాను. ఈ వారాంతం అందరం రీనో వెళ్లాలని మిత్రులు అంటున్నారు. అక్కడ ఒకే కట్టతో ఆడతారని, అది ఆరు కట్టల కంటే చాలా మేలని విన్నాను. నిజమేనా?

కొండగాలి:

రీనోకు గంటన్నర దూరంలో పదేళ్లు ఉన్నాను కాబట్టి దీనికి నేను జవాబు చెబుతాను. ఒక కట్ట మేలన్న మాట నిజమే. ఆసు ఒకటి మీ చేతికి వచ్చాక మిగిలిన 51 ముక్కల్లో పది విలువ గలవి 16 ఉంటాయి. ఆరు కట్టల్లో ఆ నిష్పత్తి కాస్త తక్కువ. అందువల్ల బ్లాక్‌జాక్‌లు కొంచెం ఎక్కువ వస్తాయి, డబుల్ చేసినప్పుడు కావలసిన ముక్క కొంచెం ఎక్కువసార్లు పడుతుంది. మిగతా నిబంధనలు ఒకటే అయితే ఆరు కట్టల నుంచి ఒక కట్టకు వస్తే అర శాతం వరకు కలిసివస్తుంది.

మిగతా నిబంధనలు ఒకటిగా ఉండకపోవడమే కథ. ఉత్తర నెవాడాలో పాత ఆచారం ప్రకారం 10, 11 మీద మాత్రమే డబుల్ చేయనిస్తారు, జత విడగొట్టాక డబుల్ ఉండదు, డీలర్ సాఫ్ట్ 17 మీద ముక్క తీసుకుంటాడు. ఆటగాళ్లు వీటినే రీనో నిబంధనలంటారు. వీటితో, 3:2 చెల్లింపుతో ఒక కట్ట ఆటలో కాసినో మొగ్గు 0.45 శాతం చుట్టూ ఉంటుంది. మంచిదే, అద్భుతమేమీ కాదు. లాస్ వేగస్‌లోనూ, తరువాత అంతటా, ఒకే కట్ట అన్న బోర్డును ఎరగా వేసి కింద 6:5 అని రాయడం మొదలయ్యాక, ఆ మాటకున్న పాత విలువ పోయింది. ఇవే నిబంధనలకు 6:5 తోడైతే 1.8 శాతం దాటుతుంది; మీ ఇంటి పక్క టేబుల్‌కూ దానికీ పెద్ద తేడా ఉండదు. రెండు కట్టలు, 3:2, ఏ రెండు ముక్కల మీదైనా డబుల్ అన్న టేబుల్ కనిపిస్తే ముందు అక్కడ కూర్చోండి.

చిన్న కాసినోల్లో ఇంకొకటి చూడండి. 5 డాలర్ల పందెం మీద 3:2 అంటే 7 డాలర్ల 50 సెంట్లు. టేబుల్ మీద అర డాలరు నాణేలో, రెండున్నర డాలర్ల చిప్‌లో లేకపోతే 7 ఇచ్చి సరిపెట్టేవాళ్లున్నారు. అంటే మీకు తెలియకుండానే 7:5కు ఆడుతున్నారన్నమాట. డీలర్ ట్రేలో ఆ చిల్లర కనిపించకపోతే 6 వేయండి, 9 వస్తుంది.

పాతకాపు:

చిల్లర సంగతి గుర్తు చేసి మంచి పని చేశారు కొండగాలి గారూ, నేను మరచిపోయాను.

రెంటన్‌వాసి:

రీనో ప్రయాణం మంచు వల్ల వాయిదా పడింది. దాని బదులు పాతకాపు గారు చెప్పినట్టు ఆ 15 డాలర్ల చోటుకు మధ్యాహ్నం ఫోన్ చేశాను. సూపర్‌వైజర్ మర్యాదగా అన్నీ చెప్పారు. సరెండర్ ఉందట! ఏడాదిగా వెళ్తున్నా ఎవరూ వాడగా చూడలేదు. బుధ, గురువారాల్లో సాయంత్రం నాలుగు వరకు కనీస పందెం 10 డాలర్లేనట. సరెండర్‌ను ఏ చేతుల మీద వాడాలి? నా దగ్గర ఉన్న పట్టికలో అది లేదు. డీలర్ సాఫ్ట్ 17 మీద ఆగినా, ముక్క తీసుకున్నా ఒకే పట్టిక పనికివస్తుందా?

లెక్కలపుస్తకం:

పనికిరాదు, కానీ తేడాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

సరెండర్ అంటే సగం పందెం వదిలేసి చేతిని ముగించడం. డీలర్ తన దగ్గర బ్లాక్‌జాక్ లేదని చూసుకున్న తరువాతే దీనికి వీలుంటుంది. ఒక చేతిని చివరిదాకా ఆడితే సగటున సగం పందెం కంటే ఎక్కువ పోతుందని తేలినప్పుడే వదలాలి. మీకు 16, డీలర్ తెరిచి చూపే ముక్క పది అనుకోండి. ఆడితే డాలరుకు 54 సెంట్లు పోతాయి, వదిలితే 50. మిగిలేది నాలుగు సెంట్లే, కానీ ఆ చేయి తరచుగా వస్తుంది.

డీలర్ సాఫ్ట్ 17 మీద ఆగే చోట, డీలర్‌కు 9, పది, ఆసు కనిపిస్తే మీ 16ను వదలాలి (ఎనిమిదుల జత అయితే వదలకుండా విడగొట్టాలి). డీలర్‌కు పది ఉంటే మీ 15ను వదలాలి. మీరు వెళ్లే చోట డీలర్ ముక్క తీసుకుంటాడు కాబట్టి, డీలర్‌కు ఆసు ఉన్నప్పుడు మీ 15, మీ 17, ఎనిమిదుల జత కూడా వదిలే జాబితాలో చేరతాయి. 17ను వదలడం చూసి పక్కవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. డబుల్ విషయంలో మూడు మార్పులు: మీకు 11, డీలర్‌కు ఆసు; మీకు ఆసు-8, డీలర్‌కు 6; మీకు ఆసు-7, డీలర్‌కు 2. ఈ మూడింటి మీదా డబుల్ చేయాలి.

ఇవి ఎవరి అనుభవం నుంచో పుట్టిన సలహాలు కావు. 1956లో మేరీల్యాండ్‌లోని అబర్డీన్ సైనిక స్థావరంలో పనిచేస్తున్న నలుగురు యువకులు డెస్క్ కాలిక్యులేటర్ల మీద నెలల తరబడి కూడికలు చేసి మొదటి పట్టికను ఒక గణాంక శాస్త్ర పత్రికలో ప్రకటించారు. తరువాత కంప్యూటర్లు చేసిన సవరణలు స్వల్పమే. పట్టిక కార్డును టేబుల్ దగ్గర చూసుకోవడానికి సాధారణంగా అభ్యంతరం చెప్పరు. చిన్న చోట్ల డీలర్లే ఒక్కోసారి ఇస్తారు.

ఇక మీ బుధవారపు టేబుల్. సరెండర్‌తో కాసినో మొగ్గు 0.53 శాతం దగ్గరకు దిగుతుంది. 10 డాలర్లు, 70 చేతులు అంటే గంటకు 3 డాలర్ల 70 సెంట్లు. మీరు అడిగిన మొదటి రెండు టేబుళ్లలో సగం ఖర్చు. 200 డాలర్లు 20 పందేలవుతాయి. నా మొదటి జవాబును సంతోషంగా మార్చుకుంటున్నాను: అక్కడికే వెళ్లండి. ఇన్సూరెన్స్ (డీలర్‌కు ఆసు కనిపిస్తున్నప్పుడు, అతనికి బ్లాక్‌జాక్ ఉందని వేసే అదనపు పందెం) తీసుకుంటారా అని డీలర్ అడిగినప్పుడు మాత్రం ప్రతిసారీ వద్దనండి; ఆరు కట్టల్లో అది 7.4 శాతం నష్టపు పందెం. పక్కన గుండ్రని గడుల్లో వేసే జతల పందేలు, పోకర్ చేతుల పందేలు వగైరాలు కూడా అదే తరహా, కొన్ని అంతకంటే ఘోరం. టేబుల్ నిబంధనలు ఉదారంగా ఉన్న చిన్న చోటుకు ఆదాయం వచ్చేది ఆ గడుల నుంచే.

కొండగాలి:

ముక్కల లెక్క (ఇప్పటికే పడిన ముక్కలను గుర్తుపెట్టుకుని పందెం మార్చడం) గురించి ఎవరూ అడగలేదు కాబట్టి రెండు వాక్యాల్లో ముగిస్తాను. బుర్రతో లెక్కపెట్టుకోవడం చట్టవిరుద్ధం కాదు. కానీ పెద్ద కాసినోలో వందల మందిలో కలిసిపోయే మనిషి, 15 టేబుళ్ల గదిలో రెండోసారి తలుపు తీసేసరికే పేరుతో సహా గుర్తుంటాడు.

దానికంటే చిన్న చోట్ల కూపన్లు గమనించండి. పెద్ద చోట్ల అరుదైపోయిన మ్యాచ్ ప్లే కూపన్ వీటిలో పుట్టినరోజుకో, కొత్తగా సభ్యులుగా చేరినందుకో ఇంకా ఇస్తుంటారు. 10 డాలర్ల కూపన్‌ను మీ 10 డాలర్ల పందెం పక్కన పెడితే, గెలిచినప్పుడు 20 వస్తాయి, ఓడితే మీ 10 మాత్రమే పోతాయి. దాని విలువ ముఖవిలువలో సగానికి కాస్త తక్కువ, అంటే నాలుగున్నర డాలర్ల పైమాట. మనమంతా ఇంతసేపు తర్జనభర్జన పడిన టేబుల్ మీద గంటసేపు ఆడే ఖర్చు అంతకంటే తక్కువ. అలాగే ఫలానా రోజు ఫలానా గంటల్లో బ్లాక్‌జాక్‌కు 2:1 చెల్లిస్తామని ప్రకటించే చోట్లు ఉంటాయి. 3:2 నుంచి 2:1కు మారితే 2.27 శాతం మనవైపు వస్తుంది, మొగ్గు మనదే అవుతుంది. గరిష్ఠ పందెం చిన్నదిగా పెడతారు, టేబుల్ నిండిపోతుంది, నిలబడి ఎదురుచూడాలి. అయినా ఓపిక పట్టదగినది అదొక్కటే.

రెంటన్‌వాసి:

నిన్న బుధవారం సెలవు పెట్టి వెళ్లాను. టేబుల్ దగ్గర నాతో కలిపి నలుగురం. రెండున్నర గంటల్లో తొమ్మిదిసార్లు సరెండర్ చేశాను. మొదటిసారి వేలితో గీత గీసి చూపిస్తే డీలర్‌కే ఒక క్షణం అర్థం కాక సూపర్‌వైజర్ వైపు చూశాడు. 17ను వదిలినప్పుడు పక్కనున్న పెద్దాయన తన ముక్కలు మరచి నా వైపు తిరిగి, ఎవరు నేర్పారని అడిగాడు. 35 డాలర్లు పోయాయి, సగటు కంటే కొంచెం ఎక్కువే, కానీ 200లో 165 జేబులో వేసుకుని బయటికి వచ్చాను. నాలుగు గంటలకు డీలర్ టేబుల్ మీది 10 బోర్డు తీసి 15 బోర్డు పెట్టాడు. అప్పటికే కూర్చున్నవారు 10తోనే కొనసాగవచ్చని చెప్పాడు గాని, నేను లేచి వచ్చేశాను. సభ్యత్వ కార్డు ఇచ్చే బల్ల దగ్గర అడిగితే, పుట్టినరోజు నెలలో 10 డాలర్ల మ్యాచ్ ప్లే ఇస్తారట. నాది ఆగస్టు.